అరికాళ్ల తిమ్మిర్లు, నరాల ‘కరెంటు’ పరీక్ష: పొదిలి నుంచి అడిగినవారికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పొదిలి దగ్గర పల్లె, నాన్నగారికి 58 ఏళ్లు, పొగాకు వ్యవసాయం, షుగర్ వచ్చి 11 ఏళ్లు. ఏడాదిగా రెండు అరికాళ్లలో తిమ్మిర్లు, రాత్రయితే మంటలు. ఊళ్లో ఆర్‌ఎంపీ ‘నరాల బలహీనత’ అని వారానికో ఇంజెక్షన్ చేస్తున్నాడు. ఒంగోలులో చూపిస్తే నెల్లూరు వెళ్లి నరాల పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. మీరు అడిగినవి నాలుగు. నరం అంటే రక్తం పారేదేనా? కాళ్లకే ఎందుకు వచ్చింది? ఆకు కోత రోజుల్లో ఆయనకు వచ్చే వాంతులు, తల తిరుగుడు కూడా నరాల బలహీనతేనా? ఒంటికి కరెంటు పెట్టే పరీక్ష ప్రమాదం కాదా?

నేను డాక్టర్‌ని కాను. నెల్లూరులో ఆ కరెంటు పరీక్ష చేసే టెక్నీషియన్‌ని, 22 ఏళ్లుగా ఇదే పని. మందుల సంగతి మీ డాక్టరే చెప్పాలి. నరం ఎలా ఉంటుంది, ఎలా పనిచేస్తుంది, ఎక్కడ చెడుతుంది అన్నది మాత్రం నేను రోజూ చూసేదే. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

ముందు ‘నరం’ అనే మాట సంగతి తేలాలి. సెలైన్ ఎక్కించే నర్సమ్మ ‘నరం దొరకడం లేదు’ అంటుంది. అది సిర, రక్తం పారే గొట్టం. కొడవలి తగిలి మణికట్టు దగ్గర లోతుగా తెగితే ‘నరం తెగింది’ అంటాం. చాలాసార్లు అక్కడ తెగేది టెండన్, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడు. పొద్దున్నే మెడ తిరగకపోతే ‘నరం పట్టేసింది’ అంటాం. పట్టింది కండ. పోనీ పుస్తకం చూద్దామంటే అందులో నరాన్ని ‘నాడి’ అని రాస్తారు, ఊళ్లోనేమో నాడి చూడటమంటే ధమని కొట్టుకోవడం చూడటం. ఈ తికమక మనకొక్కరికే లేదు లెండి. ఇంగ్లీషువాళ్లు వాడే న్యూరాన్ అనే గ్రీకు మాటకు కూడా పాతకాలంలో టెండన్ అనే అర్థం ఉండేది.

మీ చేతినే చూసుకోండి. చేతి వెనక నీలంగా ఉబ్బి కనిపించేవి సిరలు. పిడికిలి బిగించి మణికట్టును లోపలికి వంచితే తాళ్లలా పైకి లేచేవి టెండన్లు. ఆ తాళ్ల కింద, కంటికి కనపడకుండా పడుకుని ఉంటుంది అసలు నరం. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరం వేలిలో సగం దాని పరిధి. నరం బయటికి కనపడదు కానీ ఒకచోట అందరికీ తగిలే ఉంటుంది. మోచేయి లోపలివైపు తలుపుకు కొట్టుకుంటే చిటికెన వేలిదాకా జివ్వుమని లాగుతుంది చూశారా, అక్కడ ఎముక వెనక గాడిలో పోయేది అల్నార్ నరం. ఆ దెబ్బ ఎముకది కాదు, నరానిది. దాంట్లో రక్తం పారదు. అది గొట్టం కాదు, లోపల బోలుగా ఉండదు. తెల్లగా, కొంచెం పసుపుపచ్చగా, ఉడికించిన సేమియా కట్టలా మెత్తగా ఉంటుంది.

కట్ట అని ఊరికే అనలేదు. వరిగడ్డి మోపు గుర్తు తెచ్చుకోండి. ఒక్కో పరక ఒక్కో తీగ. పరకలన్నీ కలిపి చిన్న కట్ట, కట్టలన్నీ కలిపి మోపు. నరంలో కూడా తీగలన్నీ కట్టలు కట్టి, ప్రతి కట్టకూ గట్టి పొర చుట్టి, అన్ని కట్టలకూ కలిపి పైన మందపాటి పొర చుట్టి ఉంటాయి. ఆ పొరల సందుల్లో సన్నటి రక్తనాళాలు పోతుంటాయి, ఎందుకంటే నరానికి కూడా తిండి, గాలి కావాలి. నరంలో రక్తం పారదు కానీ నరానికి రక్తం కావాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, షుగర్ దగ్గర మళ్లీ పనికొస్తుంది. ఒకే కట్టలో పైకి పోయే తీగలూ ఉంటాయి, కిందికి వచ్చే తీగలూ ఉంటాయి. చర్మం నుంచి కబురు వెన్నుపాముకు మోసేవి కొన్ని, ‘ముడుచుకో’ అని కండకు ఆజ్ఞ తెచ్చేవి కొన్ని. ఇవి కాక చెమట, బీపీ, గుండె వేగం, పేగుల కదలిక చూసుకునే సన్న తీగలు ఉన్నాయి. వాటికి మన అనుమతి అక్కర్లేదు. మెదడు నుంచి నేరుగా వచ్చే నరాలు 12 జతలు, వెన్నుపాము నుంచి వచ్చేవి 31 జతలు. కాళ్లకు వెళ్లేవన్నీ నడుము, దాని కిందిభాగం నుంచే బయల్దేరతాయి.

ఇక ఆ ఒక్క పరక సంగతి. నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా అనిపించేది ఇదే. ఆ తీగ మొత్తం ఒకే ఒక్క కణం. మీ నాన్నగారి కాలి బొటనవేలి స్పర్శను మోసే కణం శరీరభాగం ఎక్కడుందో తెలుసా? నడుము దగ్గర, వెన్నెముక పక్కన. మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. దాని తోక, పాఠ్యపుస్తకాల్లో తంత్రికాక్షం అని రాస్తారు, మనం ఆక్సాన్ అందాం, అక్కడి నుంచి తొడ, పిక్క, మడమ దాటుకుని వేలి కొసదాకా పోతుంది. సుమారు ఒక మీటరు. ఆ కణాన్ని పొదలకూరు మార్కెట్లో నిమ్మకాయంత చేశామనుకోండి, తోక అర కిలోమీటరు పోతుంది, అదీ చిటికెన వేలిలో సగం మందంతో. నిమ్మకాయ ఒకచోట, దాని కొస అర కిలోమీటరు అవతల. ఆ కొసకు కావలసిన సరుకంతా నిమ్మకాయలోనే తయారవ్వాలి, అక్కడి నుంచే చేరాలి.

చేరడం కూడా అంత తేలిక కాదు. ఆక్సాన్ లోపల సన్నటి పట్టాల్లాంటివి ఉంటాయి, వాటిమీద సరుకు మూటలు నడుస్తాయి. మహా వేగంగా వెళ్లేవి రోజుకు 400 మిల్లీమీటర్లు. అంటే నడుములో బయల్దేరిన మూట కాలివేలికి రెండున్నర రోజులకు చేరుతుంది. తీగ గోడలకు కావలసిన గట్టి సరుకు రోజుకు ఒకటి, రెండు, మూడు మిల్లీమీటర్లే కదులుతుంది. అది చేరడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్ల పైనే.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. సాగర్ కుడికాలువ గురించి మీ నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు. పైన గుంటూరు వైపు నీళ్లు కాస్త తగ్గినా, కాలువ పూడినా, గండి పడినా మొదట ఎండేది చివరి ఆయకట్టు, అంటే ప్రకాశం జిల్లా. షుగర్ నరాలన్నిటినీ ఒకేలా దెబ్బతీస్తుంది. నరానికి తిండిపెట్టే సన్న రక్తనాళాలు మూసుకుపోతుంటాయి, ఆక్సాన్ లోపల సరుకు రవాణా మందగిస్తుంది. కొరత అన్నిచోట్లా ఉన్నా అది ముందు తెలిసేది అన్నిటికన్నా పొడుగు తీగ కొసన. ఒంట్లో అన్నిటికన్నా పొడుగు తీగలు కాలివేళ్లకు పోయేవి. అందుకే వేళ్లు, తర్వాత అరికాలు, తర్వాత చీలమండ, మేజోడు తొడిగినట్టు పైకి ఎక్కుతుంది. రెండు కాళ్లకూ ఒకేలా వస్తుంది. మోకాలి దగ్గరికి వచ్చేసరికి చేతివేళ్ల కొసల్లో మొదలవుతుంది, ఎందుకంటే మెడ నుంచి చేతివేలికి ఉన్న దూరం, నడుము నుంచి మోకాలి కిందికి ఉన్న దూరం దాదాపు ఒకటే. మీ నాన్నగారిది ఈ వరసలోనే వచ్చిందా అని అడగండి. వచ్చిందంటే షుగర్ మీద అనుమానం బలపడుతుంది.

వరస తప్పితే మాత్రం వేరే సంగతి ఆలోచించాలి. ఒక కాలికే ఉంటే నడుములో డిస్క్ నరం మొదలును నొక్కుతుండవచ్చు. ఒకచోట మచ్చలా స్పర్శ లేకుండా, చర్మం రంగు కాస్త పాలిపోయి ఉంటే కుష్ఠు చూడాలి. ఆ క్రిమి నరం చుట్టూ ఉండే కణాల్లోనే కాపురం పెడుతుంది, నరం వేలుతో తడిమితే తాడులా తెలిసేంత లావెక్కుతుంది. ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది, సిగ్గుపడి దాచుకుంటేనే చెయ్యి వంకరపోయేది. రోజుల వ్యవధిలో కాళ్ల నుంచి పైకి బలం పోతూ ఉంటే నా పరీక్ష కోసం అపాయింట్‌మెంట్ తీసుకుని కూర్చోవద్దు, ఆ రోజే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

మీది పొదిలి కాబట్టి ఇంకో మాట. ఫ్లోరైడ్ నీళ్లవల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో మొదట వెలుగులోకి తెచ్చిన 1937 నాటి అధ్యయనం అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల మీద జరిగిందే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఏళ్ల తరబడి ఆ బోరునీళ్లు తాగితే వెన్నెముక లోపలి దారి ఇరుకవుతుంది, ఎముకల మధ్య పట్టీలు కూడా సున్నం పట్టి రాయవుతాయి. లోపలున్న వెన్నుపాము, నరాల మొదళ్లు నలుగుతాయి. వాళ్లకూ కాళ్లు తిమ్మిర్లే వస్తాయి, కానీ తేడా ఉంటుంది. షుగర్ నరాల జబ్బులో కాలు వదులుగా ఉంటుంది. వెన్నుపాము నలిగితే కాళ్లు కర్రల్లా బిగుస్తాయి, నడిస్తే ఈడ్చుకుపోతాయి, మూత్రం ఆపుకోలేరు. మీ నాన్నగారు మెడ తిప్పగలుగుతున్నారా, నడుము వంచి నేలమీది చెప్పు తీసుకోగలుగుతున్నారా చూడండి. ఇవి కష్టమైతే నరాల పరీక్షకన్నా ముందు డాక్టర్‌తో ఆ మాట చెప్పండి. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, మీ బోరు నీళ్లు పరీక్ష చేయించారా?

కబురు ఎలా నడుస్తుందో కూడా చెబితేనే కరెంటు పరీక్ష అర్థమవుతుంది. నరంలో పోయేది మన ఇంటి వైరులో పోయే కరెంటు కాదు. ఆక్సాన్ బయట ఉప్పు ఎక్కువ, సోడియం అన్నమాట, లోపల పొటాషియం ఎక్కువ. ఇస్కపల్లి ఉప్పు కొఠార్లు చూసినవాళ్లకు చెప్పడం తేలిక. మడికీ కాలువకూ మధ్య తూము ఉంటుంది, తూము తీస్తే బయటి నీళ్లు ఒక్క దూకున లోపలికి వస్తాయి. ఆక్సాన్ గోడలో అలాంటి తూములు వేలకొద్దీ ఉన్నాయి. ఊరికే ఉన్నప్పుడు లోపల బయటికన్నా 70 మిల్లీవోల్టులు తక్కువ. ఒకచోట తూము తెరుచుకుంటే సోడియం లోపలికి దూకుతుంది, ఆ చోట వోల్టేజీ తిరగబడుతుంది, అది చూసి పక్క తూము తెరుచుకుంటుంది, దాన్ని చూసి ఆ పక్కది. వెనకాలే పొటాషియం బయటికి పోయి మొదటి తూము దగ్గర మళ్లీ మామూలవుతుంది. ఒక్కోచోట జరిగేదంతా మిల్లీసెకన్ పని. అందుకే మీటరు దూరం పోయినా కబురు నీరసించదు, ఎక్కడికక్కడ కొత్తగా పుడుతుంది. దీన్ని హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి మీద తేల్చి 1952లో రాశారు, 1963లో నోబెల్ వచ్చింది. మన తీరంలో వలలో పడే స్క్విడ్‌లాంటిదే, దాని ఒంట్లో ఒక ఆక్సాన్ కంటికి కనపడేంత లావుంటుంది. మనిషి ఆక్సాన్‌లోకి తీగ దూర్చడం ఎవరితరం?

అయితే పక్క తూము, పక్క తూము అంటూ పోతే ఆలస్యం. పల్లెవెలుగు బస్సు ప్రతి ఊళ్లో ఆగినట్టు. అందుకే ముఖ్యమైన తీగలకు మయలిన్ అనే కొవ్వు పొర చుట్టి ఉంటుంది, మధ్యమధ్య మిల్లీమీటరుకు అటూ ఇటూగా చిన్న ఖాళీలు వదిలి. తూములు ఆ ఖాళీల దగ్గరే ఉంటాయి. కబురు ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీకి దూకుతుంది, ఎక్స్‌ప్రెస్ బస్సు ఒంగోలులో ఎక్కితే కావలిలో ఆగినట్టు. కండలకు, స్పర్శకు పోయే మయలిన్ తీగల్లో సెకనుకు 50, 60 మీటర్లు, కొన్నిటిలో 100 పైన కూడా వేగం ఉంటుంది. మంట, వేడి, మొద్దు నొప్పి మోసే సన్న తీగలకు మయలిన్ ఉండదు. వాటిది సెకనుకు ఒక మీటరు, అటూ ఇటూ. చీకట్లో రాయికి కాలివేలు కొట్టుకుంటే ముందు చురుక్కుమని, ఒక క్షణం ఆగి అసలు బాధ ముంచుకొస్తుంది కదా. ముందు వచ్చింది ఎక్స్‌ప్రెస్, వెనక వచ్చింది పల్లెవెలుగు.

ఈ రెండు రకాల తీగలు మీ నాన్నగారి విషయంలో బాగా ముఖ్యం. లావు తీగలు పోతే స్పర్శ పోతుంది, అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. నా దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పే మాటలు వినండి. ‘దూది మీద నడిచినట్టుంది సార్.’ ‘చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలవడం లేదు, వెనక నుంచి మా ఆవిడ పిలిచి చెప్తంది.’ ‘కళ్లు మూసుకుని మొహం కడుక్కుంటే తూలిపోతన్నా.’ ఈ చివరిది విన్నప్పుడల్లా నేను సగం రిపోర్టు మనసులోనే రాసేసుకుంటాను. సన్న తీగలు పోతే మంటలు, చీమలు పాకినట్టు, దుప్పటి తగిలినా భరించలేకపోవడం. చెడుతున్న తీగ ఊరుకోదు, చావబోయేముందు ఊరికే కబుర్లు పంపుతూ ఉంటుంది. మంట పుట్టేది కాలి చర్మంలో కాదు, దాని తీగలో. అందుకే కాలికి చల్లనూనె రాసినా మంట మళ్లీ వస్తుంది.

ఇక ఆకు కోత. అది నరాల బలహీనత కాదు, పొగాకు విషం. రెండు నరాలు కలిసేచోట, నరం కండను కలిసేచోట సన్నటి ఖాళీ ఉంటుంది, కబురు అక్కడ రసాయనంగా మారి దాటుతుంది. ఆ రసాయనాల్లో ముఖ్యమైనది ఎసిటైల్‌కోలిన్. అవతలి ఒడ్డున దాన్ని అందుకునే గ్రాహకాలు ఉంటాయి. వాటిలో ఒక రకానికి నికోటినిక్ అని పేరే పెట్టారు, నికోటిన్ కూడా దొంగ తాళంలా అందులో సరిపోతుంది కాబట్టి. మంచుకు తడిసిన పచ్చాకును చంకన పెట్టుకుని మోస్తే ఆకులో నికోటిన్ తడిలో కరిగి చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది. వాంతులు, తల తిరుగుడు, తలనొప్పి, ఒళ్లంతా నీరసం. బీడీ ముట్టనివాళ్లకు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు, మంచు ఆరాక కోత, పని కాగానే సబ్బుతో స్నానం. ఇంతకన్నా మందు లేదు.

ఆ ఖాళీ దగ్గరే మన పల్లెల్లో చాలా ప్రాణాలు పోతుంటాయి. మోనోక్రోటోఫాస్, క్లోరోపైరిఫాస్ లాంటి పురుగుమందులు ఎసిటైల్‌కోలిన్‌ను ఊడ్చేసే ఎంజైమును కట్టేస్తాయి, కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. చెమటలు, నోట్లో చొల్లు, కంటిపాప సూదిమొన అంత అయిపోవడం, కండలు అదరడం. కట్లపాము విషం చేసేది దీనికి వ్యతిరేకం, కబురే దాటనివ్వదు. కాటు నొప్పి కూడా ఉండదు, నిద్రలో కరిస్తే తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి తీసే కండలు. రెప్ప వాలిందంటే మంత్రగాడి దగ్గర నిమిషం కూడా పోగొట్టకూడదు.

ఇంక ఆ వారంవారం ఇంజెక్షన్. నాకు కోపం వచ్చేది దీని దగ్గరే. ‘నరాల బలహీనత’ అనేది ఏ జబ్బు పేరూ కాదు. బస్టాండు గోడల మీద రాసే ప్రకటనల్లో దానికి ఇంకో అర్థం ఉంది, అది మీకు తెలుసు. ఊళ్లో అయితే తిమ్మిరి, వణుకు, నీరసం, నిద్ర పట్టకపోవడం అన్నిటికీ అదే పేరు, అదే ఎర్ర ఇంజెక్షన్. బీ12 విటమిన్ తక్కువైనవాళ్లకు అది నిజంగా మందే, కాదనను. చాలా ఏళ్లు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడితే ఒంట్లో బీ12 తగ్గుతుంది, మాంసం, పాలు తక్కువ తినేవాళ్లకు ఇంకా. మీ నాన్నగారు 11 ఏళ్లుగా వాడుతుంటే రక్తంలో బీ12 చూపించడం న్యాయం. కానీ చూడకుండా నెలల తరబడి ఏవేవో కలిపి పొడిస్తే? బీ6 అతిగా పోతే అదే నరాలను చెడగొడుతుంది, కాళ్ల తిమ్మిర్లు మందువల్లే పెరుగుతాయి. ఆ సీసా మీద ఏముందో ఫొటో తీసుకుని డాక్టర్‌కి చూపించండి.

సూది ఎక్కడ పొడుస్తున్నారో కూడా చూడండి. ఒంట్లో అన్నిటికన్నా లావైన నరం సయాటిక్, మొదట్లో బొటనవేలంత వెడల్పు, పిర్ర కింది భాగం మధ్యలోంచి తొడలోకి దిగుతుంది. అందుకే పిర్రకు సూది వేస్తే పైన, బయటివైపు మూలలోనే వేయాలి. ఆరేళ్ల పిల్లాడిని ఒకసారి నా దగ్గరికి తెచ్చారు. జ్వరానికి ఊళ్లో ఎవరో సూది వేశారట, మర్నాటి నుంచి పాదం వేలాడిపోయింది. రీడింగ్ తీస్తుంటే స్క్రీన్ మీద గీత ఎత్తుపల్లాల్లేకుండా అడ్డంగా ఉండిపోయింది, కండ నుంచి జవాబే లేదు. వాళ్లమ్మ నా మొహం చూస్తోంది. తెగిన లేదా చితికిన నరం మళ్లీ పెరుగుతుంది, ఎందుకంటే పాత పొర గొట్టంలా మిగిలి కొత్త మొలకకు దారి చూపిస్తుంది. వెన్నుపాములో ఆ సదుపాయం లేదు. కానీ పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. పిర్ర నుంచి పాదానికి ఆ పిల్లాడి కాలు 40 సెంటీమీటర్లనుకున్నా ఏడాది దాటాలి. పద్నాలుగు నెలలకు మళ్లీ వచ్చాడు, పాదం కొంచెం ఎత్తుతున్నాడు, పూర్తిగా కాదు.

పరీక్ష గురించి భయపడకండి. 1850లో హెల్మ్‌హోల్ట్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త కప్ప నరంలో కబురు వేగం కొలిచాడు. అప్పటిదాకా అది కొలవలేనంత వేగమని పెద్దపెద్దవాళ్లే అనుకునేవారు. ఆయన చేసిన పని ఇంతే. నరాన్ని కండకు దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి తాకించి, కండ కదలడానికి పట్టిన సమయంలో తేడా చూశాడు. సెకనుకు సుమారు 27 మీటర్లు వచ్చింది. నేను చేసేదీ అదే, కప్ప బదులు మీ నాన్నగారు. కాలిమీద బిళ్లలు అంటించి, చీలమండ దగ్గర ఒక చిన్న షాక్, మోకాలి దగ్గర ఇంకొకటి. ఒక్కోటి మిల్లీసెకన్‌లో పదో వంతు, ఐదో వంతు మాత్రమే. చురుక్కుమంటుంది, పాదం దానంతట అదే ఎగురుతుంది, పెద్దాయనలు నవ్వేస్తారు. రెండు చోట్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు, సమయంలో తేడా 6 మిల్లీసెకన్లు అయితే వేగం సెకనుకు 50 మీటర్లు. కాళ్లలో 40 పైన ఉంటే మామూలు. వేగం బాగా పడిపోతే మయలిన్ పోయిందని, వేగం ఉన్నా అల చిన్నదైతే తీగల సంఖ్యే తగ్గిందని లెక్క. షుగర్‌లో రెండోది ముందు, మొదటిది కొంచెం కలిసి వస్తుంది. గుండెకు పేస్‌మేకర్ ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

ఒక నిజం కూడా చెప్పాలి, నా పొట్ట కొట్టుకునే మాటే. ఈ పరీక్షకు అందేది లావు తీగలే. సన్న తీగలు మాత్రమే చెడితే కాళ్లు భగభగమన్నా రిపోర్టు నార్మల్ వస్తుంది. ‘నార్మల్ అన్నారు, ఈయన నటిస్తున్నాడు’ అని ఇంట్లోవాళ్లు అనుకున్న సందర్భాలు నాకు తెలుసు. మీ నాన్నగారి రిపోర్టు నార్మల్ వచ్చినా ఆయన మంట నిజమే. ఇంకోటి, షుగర్ ఉండి, రెండు కాళ్లకూ సమానంగా, వేళ్ల నుంచి మొదలైతే చాలామందికి ఈ పరీక్షే అక్కర్లేదు. డాక్టర్ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి బొటనవేలి మీద పెట్టి, నైలాన్ దారంతో అరికాలు తాకించి, మడమ వెనక సుత్తితో కొట్టి చూస్తే తెలిసిపోతుంది. మీకు ఎందుకు రాశారో ఒకసారి అడగండి. ఫ్లోరైడ్ అనుమానమో, నడుము అనుమానమో ఉండి రాసి ఉండొచ్చు, అలాగైతే చేయించడమే మంచిది.

పోయిన తీగలను తిరిగి తెచ్చే మందు లేదు. మంట తగ్గించే మందులు ఉన్నాయి, షుగర్ అదుపులో పెడితే మిగిలినవి నిలుస్తాయి. ఈలోపు పాదం కాపాడుకోవాలి, ఎందుకంటే దానికి ఇక కాపలా లేదు. చిల్లకంప ముల్లు మడమలో విరిగి ఉండగానే రెండు రోజులు పొలం తిరిగి వచ్చినాయన్ని నేను చూశాను, బిళ్ల అంటించబోతే చీము కనపడింది. ‘ముల్లా? యాడ?’ అని ఆయనే ఆశ్చర్యపోయాడు. రోజూ రాత్రి అరికాళ్లు మీరు చూడండి, ఆయనకు కనపడదు. పొలంలోకి, ఆకు ఆరబెట్టే బ్యారన్‌లోకి చెప్పుల్లేకుండా వద్దు. తిమ్మిరి పోతుందని వేడినీళ్లలో కాళ్లు పెట్టించడం, ఇటుక కాపడం అసలు వద్దు. కాలినా ఆయనకు తెలియదు. ఎంసీఆర్ చెప్పులు, అంటే మెత్తటి రబ్బరు అడుగున్నవి, కొనండి.

నెల్లూరు వచ్చే రోజున కాళ్లకు నూనె, బామ్ రాయకండి. సగం మంది రాసుకుని వస్తారు, బిళ్లలు అంటుకోక స్పిరిట్‌తో తుడవడానికే పావుగంట పోతుంది. లుంగీ అయితే మేలు, ప్యాంటైతే వదులుది. తినే రావొచ్చు, మందులు ఆపక్కర్లేదు. పాత షుగర్ రిపోర్టులు, వాడే మాత్రల అట్టలు, ఆ ఇంజెక్షన్ ఫొటో పట్టుకురండి. కాలు చల్లగా ఉంటే నరం వేగం తక్కువ చూపిస్తుంది, లేని జబ్బు ఉన్నట్టు వస్తుంది. జనవరి పొద్దున్నే మొదటి బస్సుకు దిగి నేరుగా వచ్చేస్తే కాసేపు దుప్పటి కప్పి కూర్చోబెడతాను, తొందరపెట్టకండి.